కోటాసారస్: తల దొరకని జంతువు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు నౌబత్ పహాడ్ ఎక్కే ఉంటారు. స్కూలు బస్సులో వెళ్లి, బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసారియం అనే గదిలోకి దూరి, మెడ వెనక్కి వంచి ఆ పొడుగాటి అస్థిపంజరాన్ని చూసి, ప్లానెటోరియం షోకి టైమైపోతోందని రెండు నిమిషాల్లో బయటపడి ఉంటారు. ఆ గది 2000లో తెరిచారు. ఈ సాయంత్రం మళ్లీ అందులోకే వెళదాం, కాకపోతే కాస్త నిదానంగా. అక్కడ నిలబడి ఉన్నదాంట్లో ఏది భూమిలోంచి దొరికింది, ఏది లెక్కగట్టి తేల్చింది, ఏది ఊహించి పెట్టింది? ఈ మూడూ విడివిడిగా చూడటం రానంతకాలం అది బొమ్మే. చూడటం వచ్చాక అది ఒక ఖాతా పుస్తకం.

ముందు పేరు. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. వినడానికి నోరు తిరగని లాటిన్‌లా ఉంటుంది గాని, విడదీస్తే రెండూ మన దిక్కు ఊళ్లే. కోట అనేది ప్రాణహిత ఒడ్డున, సిరొంచ దగ్గరున్న ఊరు. అక్కడ బయటపడ్డ రాతి పొరలకు భూగర్భ శాస్త్రంలో కోటా ఫార్మేషన్ అని పేరు. యామన్‌పల్లి అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోది. చివరన 'ఎన్సిస్' అంటే 'ఆ ఊరిది' అని. మన పద్ధతిలో చెప్పాలంటే ఇంటిపేరు కోట, సొంతూరు యామన్‌పల్లి. పేరు పెట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి, 1988లో. ఎముకలు అంతకు పదేళ్ల ముందే, 1970ల చివర్లో దొరికాయి. ఒక్కో ఎముకను విడిగా తీసుకుని రాసిన వర్ణన 2001లో వచ్చింది. తవ్వకానికీ పూర్తి వర్ణనకూ మధ్య ఇరవై ఏళ్లు దాటాయి. ఈ పనిలో దాన్ని ఎవరూ ఆలస్యం అనరు.

'రాక్షసబల్లి' అనే మాట గురించి కూడా ఒక ముక్క. మాట బాగుంది, వదులుకోనక్కర్లేదు. కానీ బల్లి ఎలా నడుస్తుందో ఇంటికెళ్లి గోడ మీద చూడండి. కాళ్లు పక్కలకు చాచి, పొట్ట ఆనీ ఆననట్టు ఈదుతున్నట్టు పోతుంది. డైనోసార్ల కాళ్లు ఒంటి కిందనే నిటారుగా ఉంటాయి. సరీసృపాలే, కానీ బల్లి వంశం వేరు. బల్లికంటే మొసలి దగ్గరి చుట్టం, కోడి సొంత సంతానం.

వయసు విషయానికి వద్దాం. మ్యూజియం వివరాల్లో 16 కోట్ల ఏళ్లు అని కనిపిస్తుంది. శాస్త్ర గ్రంథాల్లో కోటాసారస్‌ను ఎక్కువగా తొలి జురాసిక్‌లో పెడతారు. అంటే సుమారు 20 కోట్ల ఏళ్ల నుంచి 17 కోట్ల 40 లక్షల ఏళ్ల మధ్య. కోటా పొరల్లో కొంత భాగాన్ని మధ్య జురాసిక్ దాకా తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఇంత తేడా ఎందుకంటే ఆ పొరల వయసు ముఖ్యంగా వాటిలోని జీవాలను బట్టి కట్టినది. కోటా సున్నపురాయిలో చేపలున్నాయి. లెపిడోటెస్ అనే గట్టి పొలుసుల చేపను 1851లోనే వర్ణించారు. ఆవగింజంత పెంకుల్లో ఉండే ఆస్ట్రకోడ్లు ఉన్నాయి, పుప్పొడి ఉంది. ఈ చేప ఫలానా దేశంలో ఫలానా వయసు రాళ్లలో ఉంది కాబట్టి ఇక్కడా అదే వయసు అని వాదన. చేప ఒక మాట చెప్పి ఆస్ట్రకోడ్ ఇంకో మాట చెబితే తగువు మొదలవుతుంది.

ఎముకకే కార్బన్ డేటింగ్ చేయొచ్చుగా అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. చేయలేం. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమైపోతుంది. యాభై వేల ఏళ్లకు కొలవడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కోట్ల ఏళ్ల సంగతికి ఆ తక్కెడ పనికిరాదు.

ఇప్పుడు అసలు స్థలం. యామన్‌పల్లి దగ్గర ఎముకలు దొరికిన మేర మొత్తం 2,400 చదరపు మీటర్లు. మన లెక్కలో సుమారు 24 గుంటలు. ప్లాట్లు కొనేవాళ్లకి ఇంకా తేలిగ్గా అర్థం కావాలంటే 2,870 గజాలు. అంతలో 840 ఎముకలూ ఎముక భాగాలూ. అంటే సగటున మూడు చదరపు మీటర్లకు ఒకటి. పుర్రె లేదు. తలకు సంబంధించి దొరికినవి రెండంటే రెండు పళ్లు. మిగతా ఒళ్లు చాలావరకు దొరికింది గాని, ఏ జంతువూ కీళ్లు కలిసి పడుకున్నట్టుగా దొరకలేదు. అన్నీ విడిపోయి, కలిసిపోయి ఉన్నాయి. వీటిలో కనీసం 12 జంతువులున్నాయని లెక్క తేలింది.

ఆ 'కనీసం' అనే మాట దగ్గర ఆగాలి. లెక్క ఇలా వేస్తారు. కలిసిపోయిన కుప్పలో ఎడమ తొడ ఎముకలు ఐదు, కుడి తొడ ఎముకలు నాలుగు ఉన్నాయనుకోండి. జంతువులు తొమ్మిది అనకూడదు, ఐదు అనాలి. ఎందుకంటే ఆ నాలుగు కుడి ఎముకలూ ఈ ఐదింట్లో నాలుగు జంతువులవే కావచ్చు. తర్వాత పొడవులు జతచూస్తారు. ఒక కుడి ఎముక పరిమాణం ఏ ఎడమ ఎముకతోనూ కలవకపోతే అప్పుడు ఆరు. విరిగిన ముక్కలతో ఇంకో చిక్కుంది. పై కొన ఒకటి, కింది కొన ఒకటి దొరికితే అది రెండు ఎముకలా, ఒకే ఎముక రెండు ముక్కలా? ఏదో ఒక గుర్తు ఎంచుకుని, ఆ గుర్తున్న ముక్కనే లెక్కపెట్టాలి. రేషన్ కార్డులో తలల లెక్కలా కాదు ఇది. ఎన్ని తలలకు తక్కువ కాకుండా ఉన్నాయో మాత్రమే చెబుతుంది. 840ని 12తో భాగిస్తే తలా 70 వస్తాయి. ఇలాంటి జంతువుకు మెడ నుంచి తోక కొన దాకా వెన్నుపూసలే డెబ్భై, ఎనభై ఉంటాయి. ఎంత దొరికిందో అంత పోయింది కూడా అని దీన్నిబట్టే తెలుస్తుంది.

పన్నెండు ఒకేచోట ఎందుకు చచ్చాయి? మంద వరదలో కొట్టుకుపోయింది అనే కథ చెప్పేయడం సులువు, పిల్లలకు నచ్చుతుంది కూడా. కాదనను. కానీ ఇంకో దారీ ఉంది. ఏటి మలుపులో, ఇసుక మేట వేసే చోట, ఏళ్ల తరబడి ఒక్కో కళేబరం వచ్చి చేరినా చివరికి ఇదే కుప్ప తయారవుతుంది. రెండింటికీ తేడా ఎముకల మీదే చూడాలి. ఎండకు చాలాకాలం పడి ఉన్న ఎముక మీద పొడవునా సన్నని బీటలు వస్తాయి, పై పొర రేకుల్లా లేస్తుంది. అన్నీ ఒకేసారి పూడితే అన్నింటికీ ఎండదెబ్బ ఒకే తీరుగా ఉంటుంది. ఏళ్ల మీద చేరితే ఒకటి కొత్తగా, ఒకటి శిథిలంగా కనబడతాయి. పొడుగు ఎముకలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే నీళ్ల ప్రవాహం సర్దిందని అర్థం. అందుకే తవ్వేటప్పుడు ప్రతి ఎముకకూ దిక్సూచితో దిశ, వాలు రాసుకుంటారు. ఒకసారి పైకి తీశాక ఆ సమాచారం మళ్లీ రాదు.

తవ్వకం ఎలా చేస్తారో ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. గడ్డపారతో కుమ్మి తీయడమే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నేలమీద తాళ్లు కట్టి మీటరుకు మీటరు గళ్లు చేస్తారు. ఎముకకు జానెడు దూరం దాకా గడ్డపార, పార. అక్కడి నుంచి ఉలి, చిన్న సుత్తె. ఎముక అంచు తగిలాక కుంచె, సూది మొన. కోట్ల ఏళ్ల నాటి ఎముక రాయి అయిపోయింది కదా, గట్టిగానే ఉంటుందనుకుంటారు. రాయే, కానీ వెయ్యి పగుళ్లున్న రాయి. చుట్టూ ఉన్న మన్ను దాన్ని పట్టుకుని ఉంచుతుంది. మన్ను తీసిన మరుక్షణం నుంచి అది రాలడం మొదలుపెడుతుంది. అందుకని కనబడిన మేరకు వెంటనే బిగించాలి. ఇందుకు పారలాయిడ్ బి-72 అనే రెసిన్ గుళికలు వాడతారు. లీటరు అసిటోన్‌లో 50 గ్రాములు, అంటే 5 శాతం ద్రావణం. పల్చగా ఉండాలి, పగుళ్లలోకి దిగాలి. రెండు మూడు విడతలుగా, ఒకటి ఇంకాక ఇంకొకటి. చిక్కగా చేస్తే లోపలికి పోదు, పైన వార్నిష్‌లా పేరుకుంటుంది. ఆ పేరుకున్న పొర తర్వాత ఊడేటప్పుడు ఎముక చర్మాన్ని కూడా పట్టుకుని ఊడుతుంది.

మన దగ్గర రెండు రకాల తప్పులు ఎక్కువ. ఒకటి, ఏప్రిల్, మే ఎండలో మధ్యాహ్నం పూట పూయడం. అసిటోన్ లోపలికి ఇంకేలోపే ఆవిరైపోతుంది, పైన తోలు కడుతుంది. పొద్దున్నే చేయాలి, పూశాక కప్పి ఉంచాలి. రెండోది, వాన తడి ఆరకముందే పూయడం. తడి ఎముక మీద పూస్తే తెల్లగా పాలవిరుగుడులా పొంగుతుంది, పట్టదు. ఇక వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో అతికించడం పాత అలవాటు. అది కొన్నేళ్లకు పసుపెక్కి, దేనికీ కరగకుండా మొండికేస్తుంది. పారలాయిడ్‌ను ఎప్పుడైనా అసిటోన్‌తో కరిగించి వెనక్కి తీయొచ్చు. మ్యూజియంలో ఏ జిగురుకైనా మొదటి పరీక్ష అదే. అతుకుతుందా అని అడిగే ముందు ఊడదీయగలమా అని అడగాలి.

తర్వాత కట్టు. విరిగిన చేతికి వేసే కట్టు లాంటిదే. ఎముక చుట్టూ కందకం తీసి, దాన్ని మట్టి దిమ్మె మీద నిలబెడతారు. పైన తడి పేపరు మూడు పొరలు. ఈ పేపరు మరిచిపోతే ప్లాస్టర్ నేరుగా ఎముకకు అంటుకుని, ల్యాబ్‌లో విప్పడానికి వారాలు పడుతుంది. దానిపైన గోనె పట్టీలు, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పున. జనపనార గోనెలే కావాలి. ఇప్పటి ప్లాస్టిక్ యూరియా సంచులు ప్లాస్టర్ పీల్చవు. బకెట్లో ముందు నీళ్లు, తర్వాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి చల్లుకుంటూ పోవాలి. లీటరు నీటికి దాదాపు కిలోన్నర. పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది, కాబట్టి ఒకేసారి పెద్ద బకెట్ కలపకూడదు. మూడు నాలుగు పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేసి, పొడవు ఎముకైతే వెదురు బద్దలు కలిపి కడతారు. కట్టు ఆరకముందే పైన నంబరు, ఉత్తర దిక్కు బాణం గీయాలి. ఆరాక రాస్తామని వదిలేసిన కట్టు ల్యాబ్‌లో అనాథ.

అన్నిటికంటే గుండె దడ పుట్టించేది తిప్పడం. దిమ్మెను కింద నుంచి పుట్టగొడుగు కాడలా సన్నం చేసుకుంటూ వచ్చి, ఒక్క ఊపులో తిరగేస్తారు. కట్టు అంచులు ఎముక కిందికి సరిగా మడవకపోతే, లోపలి మన్నూ ఎముకా కలిసి జారి కింద కుప్పగా పడతాయి. పైన మిగిలేది ఖాళీ ప్లాస్టర్ డొప్ప. బరువు ముందే లెక్కవేసుకోవాలి. 1.4 మీటర్ల తొడ ఎముకకు చుట్టూ మన్ను కలుపుకుని కట్టు 1.6 మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల మందం వచ్చిందనుకోండి. 0.32 ఘనపు మీటర్లు. రాయి ఘనపు మీటరుకు రెండున్నర టన్నులు. అంటే 800 కిలోలు. నలుగురు మనుషులు ఎత్తేది కాదు, ట్రాక్టర్ ట్రాలీ దాకా చెయిన్ పుల్లీ కావాలి. కాబట్టి మన్ను ఎంత పల్చగా వదిలితే అంత మేలు. మరీ పల్చనైతే ఎముక పగులుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో చేతికి తెలియాల్సిందే.

ల్యాబ్ పని గురించి ఎక్కువ చెప్పను. గాలితో నడిచే సూది పెన్నులతో మన్ను గీకుతారు. సున్నపురాయిలో ఉన్న శిలాజమైతే 5 నుంచి 10 శాతం ఎసిటిక్ ఆమ్లంలో నానబెట్టి రాయిని కరిగించొచ్చు. తర్వాత ఆమ్లంలో ఉంచిన సమయానికి రెండు మూడు రెట్లు నీళ్లలో కడగాలి. లేకపోతే లోపల ఉప్పు స్ఫటికాలు పెరిగి ఎముకను లోపల్నుంచి పగలగొడతాయి.

యాదగిరి ఈ జంతువుకు పేరు కట్టింది ఒక తుంటి ఎముక మీద. కటి పైభాగంలో రెక్కలా ఉండే ఎముక అది. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఏదో ఒక నమూనాను 'ఇదే అసలు' అని ప్రకటించాలి, దాన్ని హోలోటైప్ అంటారు. భూమికి దస్తావేజు ఎలాగో జాతికి ఇది అలాగ. రేపు ఇంకో చోట ఎముకలు దొరికి ఇవి కోటాసారస్‌వేనా అని తగువొస్తే, ఆ తుంటి ఎముకతోనే పోల్చాలి. పక్కటెముక మీద పేరు పెడితే ఉపయోగం ఉండదు, అందరి పక్కటెముకలూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. తుంటి ఎముక మీద కండరాలు పట్టిన చోట్లు, కాలు బిగిసిన గుంట, వెన్నుతో అతికిన ముఖం, ఇన్ని వివరాలుంటాయి.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. ఈ జంతువు ఎందుకు ముఖ్యం?

పొడుగు మెడ, పొడుగు తోక, నాలుగు స్తంభాల్లాంటి కాళ్లున్న శాకాహార డైనోసార్లను సారోపాడ్లంటారు. భూమ్మీద నడిచిన అతి పెద్ద జంతువులు వీటిలోనివే. వీటికి ముందున్న పూర్వీకులు చిన్నవి, కొన్ని రెండు కాళ్లమీద కూడా నడిచేవి. ఆ పూర్వీకులకూ ఈ ఏనుగు కాళ్ల పెద్దవాటికీ మధ్య మార్పు ఏ వరసలో జరిగింది? అన్నీ ఒకేసారి మారాయా? కోటాసారస్ ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. కాళ్లు కొత్తవి, వెన్ను పాతది.

కాళ్లు చూడండి. తొడ ఎముక తిన్నగా ఉంటుంది, అడ్డంగా కోస్తే కోడిగుడ్డు ఆకారం. పూర్వీకుల తొడ ఎముక కాస్త వంపుగా ఉండేది. తిన్నని కాలు ఎందుకు కావాలో మార్కెట్ యార్డులో హమాలీని చూస్తే చాలు. యాభై కిలోల బస్తా నెత్తిన పెట్టుకుని నిటారుగా నడుస్తాడు, బరువు ఎముకల మీదుగా నేలకు దిగుతుంది. అదే బస్తాతో మోకాళ్లు వంచి నిలబడమనండి, అరనిమిషంలో తొడలు వణుకుతాయి. వంగిన కీలును కండరం పట్టుకోవాలి. రెండున్నర టన్నుల జంతువుకు రోజంతా కండరంతో పట్టుకోవడం దండగ. కోటాసారస్ కాళ్లు ఆ సమస్యను అప్పటికే తీర్చుకున్నాయి. అయినా తొడ ఎముక పైభాగంలో ముందువైపు చిన్న గట్టు ఒకటి ఇంకా మిగిలే ఉంది, తర్వాతి సారోపాడ్లలో కనుమరుగైపోయేది. పాత ఇంటికి కొత్త స్లాబ్ వేసినా గోడలో దూలం కన్నం మిగిలినట్టు.

వెన్నుపూసలు మాత్రం ఇంకా పాత కాలంలోనే ఉన్నాయి. తర్వాత వచ్చిన పెద్ద సారోపాడ్ల వెన్నుపూసల పక్కల లోతైన గుంటలుంటాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన గాలి తిత్తులు ఎముకలోకి దూరి, దాన్ని తొలిచి తేలిక చేశాయి. అంత పొడుగు మెడ ఎత్తగలిగింది అందుకే. కోటాసారస్ వెన్నుపూసల దిమ్మలు అలా తొలిచినవి కావు, ఘనమైనవి. పైకి లేచే ముళ్లూ సాదాగానే ఉంటాయి. దీనికి దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, అవే కోటా పొరల్లో దొరికిన బారాపాసారస్‌లో పక్కల లోతులేని పల్లాలు మొదలయ్యాయి. ఒకే ప్రాణహిత-గోదావరి లోయలో, పక్కపక్కనే, మార్పు రెండు మెట్లమీద నిలబడి కనిపిస్తుంది. ఇంత మంచి జత ప్రపంచంలో చాలాచోట్ల లేదు.

బారాపాసారస్‌ను ఇక్కడ పరిచయం చేయాలి. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1961లో తవ్వారు. అది రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం, అందుకే పూర్తి పేరు బారాపాసారస్ టాగోరై, 1975లో పెట్టారు. దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి, తొడ ఎముక 1.7 మీటర్లు. దాని అస్థిపంజరం కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో ఉంది. దానికీ పుర్రె దొరకలేదు, పళ్లే.

రెండు జాతులు, పద్దెనిమిది జంతువులకు తక్కువ కాకుండా, పుర్రె ఒక్కటీ లేదు. దురదృష్టం అనుకోవద్దు, దానికి కారణముంది. సారోపాడ్ తల ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. పలుచని ఎముక కమ్ములు, వాటి మధ్య పెద్ద ఖాళీలు, మెడకు అతుకు బలహీనం. కళేబరం కుళ్లుతుంటే ముందు ఊడేది తలే, ఊడాక ముందు విడిపోయేదీ తలే. గొర్రె ఎముకలను కాలువ నీటిలో వేసి చేసిన ప్రయోగాల్లో పక్కటెముకలు, వెన్నుపూసలు ముందు కొట్టుకుపోయి, పుర్రె చివరిదాకా నిలిచింది. కానీ గొర్రె పుర్రె గట్టి డబ్బా. సారోపాడ్ పుర్రె వెదురు తడిక. ఆ ఫలితం ఇక్కడ వర్తించదు.

అంటే నౌబత్ పహాడ్ మీద మీరు చూసే తల చేసి పెట్టినది. దగ్గరి చుట్టాల తలలు చూసి, ఆ రెండు పళ్లకు సరిపోయేలా ఊహించినది. ఆ పళ్లు చెంచా ఆకారంలో ఉంటాయి, ఆకు దూసి తినే పళ్లు. ఇక్కడ కూడా ఒక అనుమానం దాచుకోకూడదు. సరీసృపాల పళ్లు జీవితాంతం ఊడుతూ మొలుస్తూ ఉంటాయి, విడి పన్ను ఎక్కడి నుంచైనా కొట్టుకురావచ్చు. ఆ పళ్లు కోటాసారస్‌వేనన్నది బలమైన ఊహే గాని, దవడలో అతుక్కుని దొరికిన పన్నుకున్నంత బలం దానికి లేదు.

పొడవు. మ్యూజియంలో నిలబెట్టిన దాని కొలత 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు. శాస్త్ర పుస్తకాలు కోటాసారస్‌కు సాధారణంగా ఇచ్చే అంచనా 9 మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని కొట్టుకోకముందు, ఇలాంటి తేడాలు ఎక్కడ పుడతాయో చూడాలి. నిలబెట్టినది ఒక్క జంతువు కాదు, చాలా జంతువుల ఎముకలు కూర్చిన సంకలనం. తోకలో వెన్నుపూసలు ఎన్ని పెట్టాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. వెన్నుపూసకూ వెన్నుపూసకూ మధ్య మృదులాస్థి ఉండేది, అది మిగలదు, ఎంత సందు వదలాలో మళ్లీ నిర్ణయమే. డెబ్భై సందుల్లో ఒక్కోటి అంగుళం పెంచితే దాదాపు ఆరడుగులు పెరుగుతుంది. తల, మెడ, తోక కొన, పొడవును శాసించేవి ఈ మూడే, తక్కువ దొరికేవీ సాధారణంగా ఇవే. అందుకే జంతువు పరిమాణానికి పొడవు మంచి కొలత కాదంటాను. తొడ ఎముక మంచి కొలత.

బరువు దానితోనే కడతారు. నాలుగు కాళ్ల జంతువుల్లో ముందు కాలి పై ఎముక, వెనక కాలి తొడ ఎముక, ఈ రెండింటి సన్నని చోట చుట్టుకొలత టేపుతో తీసి కలుపుతారు. ఈనాటి జంతువులను తూచి తేల్చిన సూత్రం ఒకటుంది, బరువు ఆ మొత్తానికి 2.75వ ఘాతంగా పెరుగుతుంది. రెండూ కలిపి 54 సెంటీమీటర్లు వస్తే బరువు సుమారు రెండున్నర టన్నులు, కోటాసారస్‌కు సాధారణంగా ఇచ్చే అంచనా. ఘాతం ఎంత ప్రమాదమో చూడండి. మట్టి బరువుకు ఎముక నొక్కుకుపోయి చుట్టుకొలత పది శాతం ఎక్కువ చూపిస్తే, బరువు ముప్ఫై శాతం పెరిగిపోతుంది. కాబట్టి కొలిచే ముందు ఎముక నలిగిందో లేదో చూడాలి. అడ్డుకోత మరీ చదునుగా ఉంటే అనుమానించాలి.

ఈసారి డైనోసారియంకు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ముట్టుకోకుండానే, ఏది ఎముక, ఏది పోతపోసినదో కనిపెట్టే ప్రయత్నం. నిజం ఎముక రంగు ఒకేలా ఉండదు, మచ్చలుంటాయి, పగుళ్లు అడ్డదిడ్డంగా పోతాయి, అతికిన చోట పూడిక వేరే రంగులో తెలుస్తుంది. పోతపోసిన దానికి పక్కన సన్నని గీత ఉంటుంది, రెండు అచ్చులు కలిసిన చోటు. ఎడమ కుడి ఎముకలు అద్దంలో చూసినంత ఒకేలా ఉంటే ఒకటి రెండోదానికి నకలు అయ్యుండొచ్చు. దొరికిన మిగతా ఎముకల్లో ఎక్కువ భాగం మన హైదరాబాద్‌లోనే జియలాజికల్ సర్వే సేకరణలో ఉన్నాయి.

ఇక ఆ లోయ ఊళ్లలో చుట్టాలున్నవాళ్లకు. చేనులో, వాగు గట్టున రాయిలా బరువుగా, ఎముకలా ఆకారంగా ఏదైనా కనిపిస్తే, విరిగిన వైపు చూడండి. పైన నున్నటి గట్టి పెంకు, లోపల బన్ను రొట్టెలా సన్నని రంధ్రాలు ఉంటే అది ఎముకే. చాలా శిలాజ ఎముకలు తడి నాలుకకు అంటుకుంటాయి, మామూలు గులకరాయి అంటుకోదు. ఇది పాత కిటుకు, తుడిచాకే చేయండి. ఊడబీకొద్దు. పక్కన ఒక పెన్నో నాణెమో పెట్టి దగ్గరనుంచి ఒకటి, చుట్టూ గట్టు కనబడేలా దూరం నుంచి ఒకటి ఫొటోలు తీయండి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసుకు చెప్పండి. ఎక్కడిదో తెలియని ఎముక అలమారాలో అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు.

చివరిగా, తల. అది దొరకాలంటే గడ్డపారతో దొరకదని నా నమ్మకం. పెద్ద ఎముకలున్న ఇసుకలో కాదు, నీళ్లు నిలిచిన చోట పేరుకున్న సన్నని బంకమట్టిలో వెతకాలి. కోటా పొరల్లోనే అత్యంత చిన్న పాలిచ్చే జంతువుల పళ్లు దొరికాయి. 1981లో పేరు పెట్టిన కోటాథీరియం వాటిలో ఒకటి, పన్ను మిల్లీమీటర్లలో కొలవాల్సినంతది. అలాంటివి కళ్లతో కాదు, జల్లెడతో దొరుకుతాయి. దవడ కమ్ములు, విడి పళ్లు కూడా అదే జల్లెడలో పడాలి. మట్టిని బస్తాల్లో ఎత్తి, ముందు ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. తడి ఉంటే తర్వాతి అడుగు పనిచేయదు. ఎండిన గడ్డల మీద మునిగేలా కిరోసిన్ పోసి కొన్ని గంటలు నాననిచ్చి, మిగులు కిరోసిన్ వంపేసి, నీళ్లు పోస్తే గడ్డ దానంతటదే పొడిపొడిగా విచ్చుకుంటుంది. ఆ బురదను అరమిల్లీమీటరు జల్లెడలో నెమ్మదిగా కడగాలి, కుళాయి ధార నేరుగా కొట్టకూడదు. మిగిలినదాన్ని బట్ట మీద ఆరబెట్టి, భూతద్దం కింద పళ్లెంలో పరిచి, తడిపిన కుంచె మొనతో ఒక్కో రేణువూ పక్కకు జరుపుకుంటూ పోవాలి.

మీ ప్రశ్నలు అడగండి.